అంచనా రీడింగుల తరువాత వచ్చే భారీ బిల్లు: మొత్తం వినియోగదారుడే భరించాలా?

అద్దె ఇంటి వాసి

కొన్ని నెలల పాటు ఎవరూ మీటరు చూడకుండానే, పాత వాడకం సగటును బట్టి విద్యుత్ సంస్థ మాకు అంచనా బిల్లులు పంపింది. వాటిని గడువులోపే చెల్లిస్తూ వచ్చాం. తరువాత సిబ్బంది వచ్చి అసలు రీడింగు తీసుకోగా, అన్ని నెలల తేడా ఒకే బిల్లులో చేరి మా ఇంటి ఖర్చుల లెక్కనే తలకిందులు చేసింది. ఆ కరెంటు మేము వాడలేదని నేను అనడం లేదు. మీటరు చూడవలసిన సంస్థ చూడకపోవడం వల్ల పేరుకున్న బకాయిని, పూర్తిగా, ఒకే విడతలో వినియోగదారుడే చెల్లించాలనడం న్యాయమా అన్నదే నా ప్రశ్న.

మాజీ బిల్లింగ్ ఉద్యోగి

న్యాయమేనని నా అభిప్రాయం. వాడిన యూనిట్లకు వెల కట్టవలసిందే. అంచనా బిల్లు మీద అది అంచనా అని రాసే ఉంటుంది. గత కొన్ని నెలల సగటునో, నిరుడు ఇదే కాలంలో వాడిన యూనిట్లనో తీసుకుని ఆ అంకె వేస్తారు. ఇంట్లోకి కొత్తగా ఏసీ వచ్చిందనీ, మనుషులు పెరిగారనీ, ఎవరో రోజంతా ఇంటి నుంచే పనిచేస్తున్నారనీ ఆ లెక్కకు తెలియదు, మీకు తెలుసు. పైగా రీడింగు తీయకపోవడం ప్రతిసారీ సంస్థ తప్పు కాదు. మీటరు ఇంటి లోపల ఉండి తలుపుకు తాళం వేసి ఉంటే రీడింగు తీసేవారు ఏం చేయగలరు? ఆ బకాయిని రద్దు చేస్తే, ఆ భారం చివరకు సక్రమంగా చెల్లించే మిగతా వినియోగదారుల ఛార్జీల మీదే పడుతుంది.

లెక్కల ఉపాధ్యాయురాలు

వాడినదానికి చెల్లించాలన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే ఆ బిల్లులో ఉన్నది నిజంగా వాడినదాని వెలేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ చర్చలో అందరూ దాటేస్తున్నది ఇదే.

ఒక ఇంట్లో నెలకు 150 యూనిట్లు వాడుతున్నారనుకుందాం. ఐదు నెలలు 100 యూనిట్ల చొప్పున అంచనా బిల్లులు వచ్చాయి. ఆరో నెల అసలు రీడింగు తీస్తే ఆరు నెలల మొత్తం 900 యూనిట్లు. అందులో 500 యూనిట్లకు ఇప్పటికే చెల్లించారు కాబట్టి, ఆరో నెల బిల్లులో 400 యూనిట్లు కనిపిస్తాయి. ఆ నెల నిజంగా వాడినది 150 మాత్రమే, మిగతా 250 వెనుకటి నెలలవి. వాడకం పెరిగిన కొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబుల పద్ధతి ఉన్నచోట, ఆ 400 యూనిట్లను ఒకే నెల వాడకంగా లెక్కిస్తే చాలా భాగం పై శ్లాబు ధరకు వెళ్లిపోతుంది. అదే వినియోగదారుడు ప్రతి నెలా సరైన రీడింగుతో బిల్లు పొంది ఉంటే 150 దగ్గరే ఆగేవాడు, ఆ పై ధర అతన్ని తాకేదే కాదు. కాబట్టి ఇక్కడ అడుగుతున్న సొమ్ములో కొంత భాగం వాడిన కరెంటు వెల కాదు, రీడింగు తీయకపోవడం వల్ల పుట్టిన అదనపు భారం. దాన్ని వినియోగదారుడి మీద వేయడానికి నాకు ఏ సమర్థనా కనిపించడం లేదు. మధ్యలో ధరలు మారిన సందర్భంలోనూ అంతే: పాత ధర ఉన్న కాలంలో వాడిన యూనిట్లకు కొత్త ధర వేయకూడదు.

ఇవి కాక అచ్చమైన పొరపాట్లు కూడా జరుగుతాయి. బిల్లు మీది మీటరు నంబరూ గోడ మీది మీటరు నంబరూ ఒకటేనా అని చూడాలి. దశాంశ స్థానంలోని అంకెను కలిపి చదివితే రీడింగు పదింతలు అవుతుంది. గ్యాస్ మీటర్లలో కొన్నింటికి కొలత వంద ఘనపుటడుగులు, మరికొన్నింటికి ఘనమీటరు. వంద ఘనపుటడుగులు సుమారు 2.83 ఘనమీటర్లకు సమానం కాబట్టి, ఒకదాన్ని మరొకటిగా నమోదు చేస్తే బిల్లు దాదాపు మూడింతలవుతుంది లేదా మూడో వంతుకు పడిపోతుంది. ఇంట్లో అన్నీ ఆపివేసిన తరువాత కూడా మీటరు తిరుగుతుంటే, వైరింగులో లీకేజీ ఉందో, మరొకరి లైను కలిసిందో, మీటరే చెడిందో పరీక్ష చేయించుకోవాలి.

న్యాయశాస్త్ర విద్యార్థి

చట్టాలు ఈ ప్రశ్నను ఎలా చూస్తున్నాయో చెబుతాను. బ్రిటన్‌లో విద్యుత్, గ్యాస్ రంగాల నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2018లో తెచ్చిన నిబంధన ప్రకారం, సరఫరా సంస్థ సరిగా బిల్లు వేయని వాడకం 12 నెలలకన్నా పాతదైతే గృహ వినియోగదారుడి నుంచి దాన్ని వసూలు చేయకూడదు. వినియోగదారుడే కావాలని అడ్డుపడి ఉంటే ఈ రక్షణ వర్తించదు.

భారతదేశంలో 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం, ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుకు మించి తాత్కాలిక బిల్లులు, అంటే మీటరు చూడకుండా వేసే అంచనా బిల్లులు, ఇవ్వకూడదు. మీటరు వరుసగా రెండు బిల్లింగు కాలాలు అందుబాటులో లేకపోతే, వినియోగదారుడు రీడింగు ఫొటో తీసి పంపవచ్చు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్‌లో బకాయి వసూలుకు రెండేళ్ల పరిమితి ఉంది. దాన్ని చూసి రెండేళ్లు దాటిన బకాయి దానంతట అదే పోతుందని చాలామంది నమ్ముతారు, కానీ అది సరికాదు. బకాయి చెల్లించవలసినదిగా మారేది బిల్లు వేసినప్పుడేననీ, గడువు దాటాక బయటపడిన పొరపాటుకు అదనపు బిల్లు వేయవచ్చు గానీ దానికోసం కనెక్షన్ తొలగించే అధికారం సంస్థకు ఉండదనీ 2020లో ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మాజీ బిల్లింగ్ ఉద్యోగి

శ్లాబుల విషయంలో ఉపాధ్యాయురాలు గారి లెక్కను కాదనలేను. ఆ యూనిట్లను అవి వాడిన నెలలకు పంచి తిరిగి లెక్కించడమే పద్ధతి, అలా చేయమని రాతపూర్వకంగా అడిగే హక్కు వినియోగదారుడికి ఉండాలి. కానీ 12 నెలలు దాటితే మొత్తం మాఫీ అనే బ్రిటన్ తరహా నిబంధనను నేను ఇప్పటికీ అంగీకరించను. బిల్లు మీద అంచనా అని నెలల తరబడి కనిపిస్తున్నా మీటరు వైపు చూడని మనిషికీ, ప్రతి నెలా ఫిర్యాదు చేసినా జవాబు రాని మనిషికీ ఒకే మాఫీ ఇవ్వడం ఎలా సబబు?

లెక్కల ఉపాధ్యాయురాలు

మీరు చూపిన తేడా నిజమైనదే. అయినా పరిమితి ఉండి తీరాలనే నేను అంటాను. ప్రతి నెలా అసలు అంకె తెలిసి ఉంటే ఆ కుటుంబం గీజరు వాడకం తగ్గించుకునేది, పాత ఫ్రిజ్‌ను మార్చుకునేది, కనీసం డబ్బయినా పక్కన పెట్టుకునేది. ఆ అవకాశాన్ని పోగొట్టినది అంచనా బిల్లు. ఆ నష్టాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. సకాలంలో రీడింగు తీయించడానికి సిబ్బందీ అధికారమూ ఉన్నది సంస్థకు, కాబట్టి ఆలస్యానికి మూల్యం కూడా అక్కడే ఉండాలి. అలా లేనినాడు రీడింగు వాయిదా వేయడం సంస్థకు ఏ నష్టమూ లేని అలవాటుగా మారుతుంది. తాళం వేసిన ఇళ్లకు ఈ పరిమితి వర్తించనక్కరలేదు, అయితే తాళం ఉందని అప్పట్లోనే నోటీసు ఇచ్చినట్లు సంస్థ చూపాలి.

అద్దె ఇంటి వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. వివాదం తేలే లోపు కనెక్షన్ తీసేస్తారేమోనన్నదే మా ఇంట్లో అందరి భయం. ఏం చేయవచ్చు?

న్యాయశాస్త్ర విద్యార్థి

బిల్లును పక్కన పడేయకండి. 56వ సెక్షన్‌లోనే దీనికి మార్గం ఉంది: అడిగిన మొత్తం, లేదా గత ఆరు నెలలు మీరు చెల్లించిన సగటు ప్రకారం నెలవారీ ఛార్జీలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది మీ అభ్యంతరాన్ని నమోదు చేస్తూ జమచేస్తే, వివాదం తేలేవరకు సరఫరా ఆపకూడదు. మీటరు ఫొటో తేదీతో సహా తీసి, అంచనా బిల్లులన్నీ జతచేసి, నెలలవారీగా తిరిగి లెక్కించమనీ, మిగిలినదాన్ని వాయిదాల్లో చెల్లించే వీలు కల్పించమనీ ఒకే దరఖాస్తులో అడగండి, అందినట్లు రసీదు తీసుకోండి. అక్కడ పరిష్కారం కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆ తరువాత ఆ వేదిక నిర్ణయంపై అప్పీలు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

లెక్కల ఉపాధ్యాయురాలు

వాయిదాల గురించి ఒక మాట. బకాయి ఎన్ని నెలల్లో పేరుకుందో కనీసం అన్ని నెలల గడువు అడగండి, ఆలస్య రుసుము వేయవద్దని కూడా రాయండి. అలాగే ఈ రోజు నుంచే ప్రతి నెలా ఒకే తేదీన రీడింగు రాసి పెట్టుకోండి. ఆరు నెలల సొంత లెక్క చేతిలో ఉంటే, తరువాతి అంచనా బిల్లును మొదటి నెలలోనే సవాలు చేయవచ్చు.