అనుమానించడమా, ఆనవాలు పట్టడమా?

ప్రశ్న: కోరమంగళలో మా ఆదివారం తెలుగు బడికి ఒక సైన్సు వ్యాసం తెలుగు చేస్తున్నాను. "ఎక్స్ కిరణాలను బట్టి నక్షత్రాల కరోనా తీరును అనుమానించడం" అని శీర్షిక పెట్టి చదివాను (కరోనా అంటే నక్షత్రం చుట్టూ ఉండే వేడి వాయువు). "నక్షత్రం ఏం తప్పు చేసింది మాస్టారూ?" అంది ఏడో తరగతి పిల్ల. తర్కశాస్త్రంలో ఆ మాటే కదండీ ఉన్నది?

జవాబు: శాస్త్రం మీ పక్షమే. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తేల్చడమే తార్కికుల అనుమానం. వాడుకలో మాత్రం ఆ మాట ఎప్పుడో పోలీసు స్టేషను మెట్లెక్కింది. కన్నడంలోనూ అంతే కాబట్టి పక్కింటివాళ్లను అడిగినా లాభం లేదు. అలాగని 'ఊహించడం' అనకండి, చేసే పనికి అది అన్యాయం. నా ఓటు 'ఆనవాలు పట్టడాని'కి.

ఎందుకో ఒక ఉదాహరణ చూడండి. ఉత్తర కిరీటం అనే తారామండలంలో ఆల్ఫెకా అనే నక్షత్రం ఉంది. కంటికి ఒకటే చుక్క, నిజానికి సుమారు 17 రోజులకొక చుట్టు తిరిగే జంట. ఒకటి వేడి తెల్ల నక్షత్రం, రెండోది సూర్యుడి లాంటి చిన్నది. పెద్దది చిన్నదానికి అడ్డం వచ్చినప్పుడు ఎక్స్ కిరణాలు పూర్తిగా ఆగిపోయాయని 1990లో ఎగిరిన రోశాట్ ఉపగ్రహం పట్టుకుంది. అంటే వాటిని వెలువరించే కరోనా చిన్నదానిదే. అది అంచు నుంచి మరుగవుతూ పోయేటప్పుడు వెలుగు ఏ క్షణాన ఎంత తగ్గిందో, బయటికొచ్చేటప్పుడు ఎంత పెరిగిందో లెక్కవేసి, కరోనా ఎక్కడ దట్టంగా ఉందో ఎక్కడ పలచగా ఉందో తేల్చారు. కరోనాను ఎవరూ బొమ్మగా చూడలేదు. అచ్చం పొగ, నిప్పు వ్యవహారమే. కరోనా అంటే కిరీటమే కదా, కిరీటంలో మెరిసే పెద్దాయనకు కిరీటం లేకపోవడం నాకు భలే నచ్చింది.

ప్రశ్న: 'కరోనా' అంటే పిల్లలకు మాస్కులే గుర్తొస్తున్నాయి. చంద్రుడి చుట్టూ కట్టే 'గుడి' అనవచ్చా?

జవాబు: వద్దండీ. గుడి మన మబ్బుల్లోని మంచు పలుకుల పని. దూరంగా కడితే వాన దగ్గరని మా అమ్మమ్మ అనేది. కరోనా నక్షత్రపు సొంత వాయువు, సూర్యుడిదైతే వేడి పది లక్షల డిగ్రీల పైమాటే. 'కిరీటం' అనే రాయండి. తల మీద కాదు, చుట్టూరా ఉంటుందని, బంగారంలా నున్నగా కాక అతుకుల బొంతలా ఉంటుందని ఒక్క వాక్యం చేర్చండి.

ప్రశ్న అడిగినవారు: శీర్షిక మార్చి చదివాను. 'ఆనవాలు' బాగుందట. కానీ ఇప్పుడు నక్షత్రం దొరికిపోయినట్టుందట.