ముస్లింల వెనకబాటుకు మతమే కారణమా? మన ఓరుగల్లు నుంచి చూసి మాట్లాడుదాం

హన్మకొండ చౌరస్తా

గ్రూప్స్ ఎస్సే పేపర్‌కి ప్రిపేర్ అవుతున్నాం, మా స్టడీ రూంలో రెండ్రోజులుగా ఇదే గొడవ. ఒకతను "ఇస్లాం ఉన్న దేశాల్లో ఆయిల్ లేకుండా బాగుపడింది ఒక్కటి చూపించు, వాళ్ల కల్చరే అడ్డు" అంటాడు. ఇంకొకతను "యూరప్‌కి లెక్కలు సరిగ్గా రాని రోజుల్లో బాగ్దాద్‌లో ఆల్జీబ్రా రాశారు, మతమే అడ్డయితే అదెట్లా జరిగింది" అంటాడు. అక్కడే ఆగిపోయింది, ఇద్దరి దగ్గరా ఇంకో మాట లేదు. మతం, సంస్కృతి నిజంగా అభివృద్ధిని ఆపుతాయా? తిట్లు వద్దు, తెలిసింది చెప్పండి. ముస్లిం మిత్రులు రాస్తే ఇంకా మంచిది, మా రూంలో పదకొండు మందిమి ఉన్నాం, ఒక్క ముస్లిం కూడా లేడు.

ఎకనామిక్స్ ఆప్షనల్

"కల్చర్" అని గాల్లో మాట్లాడితే తేలదు తమ్ముడూ, చట్టాల దగ్గరికి రావాలి. ఆర్థిక చరిత్ర రాసేవాళ్లు ఎత్తి చూపేది ఇది: పాత ఇస్లామిక్ చట్టంలో వ్యాపార భాగస్వాముల్లో ఒకరు చనిపోతే ఒప్పందం అక్కడితో రద్దు, ఆస్తి చాలామంది వారసులకు ముక్కలవుతుంది, కాబట్టి తరతరాలు బతికే పెద్ద కంపెనీ పుట్టలేదు. వక్ఫ్, అంటే ధర్మకార్యాలకు రాసిచ్చిన ఆస్తి, దాన్ని రాసిచ్చినవాడు ఏ పనికి రాసిచ్చాడో ఆ పనికే వాడాలి, కాలం మారినా మార్చడం కష్టం. అచ్చుయంత్రం సంగతి చూడండి, యూరప్‌లో 1450ల నుంచే పుస్తకాలు అచ్చవుతుంటే ఇస్తాంబుల్‌లో టర్కీ భాషలో అచ్చు వేసుకోవడానికి అనుమతి 1727లో వచ్చింది. మూడు వందల ఏళ్లు దగ్గరదగ్గర! వీటికీ మతానికీ సంబంధం లేదంటే నేను ఒప్పుకోను. బాగ్దాద్ గొప్పతనం నిజమే, కానీ అది వెయ్యేళ్ల కిందటి మాట.

మండీ బజార్ టీచర్

నేను ముస్లింని, వరంగల్‌లోనే పుట్టి పెరిగాను, ఇంటర్ పిల్లలకు పాఠం చెప్తాను, కాబట్టి ఈ ప్రశ్న నాకు పరీక్ష కోసం కాదు.

ఆప్షనల్ గారూ, మీరు చెప్పినవి టర్కీ ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్యానికి సరిపోతాయి. మన దగ్గర మండీ బజార్‌లో షాపు పెట్టుకున్న సేటుకీ, పక్కన స్టేషన్ రోడ్డులో షాపు పెట్టుకున్న ఆర్యవైశ్యులకీ కంపెనీ చట్టం ఒక్కటే కదా. వారసత్వం వేరు, అది నేను తర్వాత మాట్లాడతాను, కానీ ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకోవడానికి ఏ షరియతూ అడ్డు రాలేదు ఇక్కడ. అయినా మావాళ్లలో ఎక్కువమంది ఆటో, మెకానిక్ షెడ్డు, వెల్డింగ్, పండ్ల బండి దగ్గరే ఆగిపోయారంటే కారణం ఆ పాత చట్టంలో వెతికితే దొరకదు.

ఇప్పుడు ఒక లెక్క చెప్తాను, ఎస్సేలో రాసుకోండి. 2001 జనాభా లెక్కల్లో దేశం మొత్తం అక్షరాస్యత దాదాపు 65 శాతం, ముస్లింలది 59. ఇది అందరికీ తెలుసు, ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లో ఇచ్చిన రిపోర్టులోనూ ఉంది. కానీ రాష్ట్రాలవారీగా చూడండి. హర్యానాలో ముస్లింల అక్షరాస్యత 40 శాతం, అందులో ఆడవాళ్లది 21 దాటి కొంచెం. కేరళలో 89. మరి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో? 68. రాష్ట్రం సగటు 60 దాటి కొంచెం ఉన్నప్పుడు ముస్లింలది 68! అదే ఖురాన్, అదే ఐదు పూటల నమాజు, అవే రంజాన్ రోజాలు. హర్యానాలో 40, ఇక్కడ 68, కేరళలో 89 అయితే ఆ తేడా మతంలోంచి ఎట్లా వస్తుంది? మనదగ్గర ముస్లింలు ఎక్కువగా టౌన్లలో ఉంటారు, బడి నడిచిపోయేంత దూరంలో ఉంటుంది, అంతే. హర్యానాలో మావాళ్లున్న మేవాత్ పల్లెల్లో అప్పటికి బడులూ తక్కువ, రోడ్లూ తక్కువ.

మదర్సాల వల్లే చదువు రాలేదు అనేవాళ్లు కూడా ఒకసారి ఆ రిపోర్టు చూడాలి, బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాకి పోయేది నూటికి నలుగురు కూడా లేరు.

అయితే హన్మకొండ తమ్ముడూ, మీ రెండో ఫ్రెండుకి కూడా ఒక మాట చెప్పాలి. పేదరికానికి మతం కారణం కాదు అని వాదించినప్పుడు, బాగ్దాద్ గొప్పతనం మాత్రం మతం ఖాతాలో వేసుకోవడం న్యాయం కాదు. ఖలీఫాలు పైసలు పెట్టారు, గ్రీకు నుంచి, మన సంస్కృతం నుంచి తర్జుమాలు చేయించారు, ఆ పని చేసినవాళ్లలో క్రైస్తవులున్నారు, యూదులున్నారు. మావాళ్లు మీటింగుల్లో ఇది చెప్పరు, నాకు అది బాధగా ఉంటుంది.

జగిత్యాల టు దుబాయ్

నేను పన్నెండేండ్లు గల్ఫ్‌ల ఉన్న. మా రూంలో కరీంనగర్ రెడ్డి, నిర్మల్ సాయిబు, కేరళ క్రిస్టియన్, పాకిస్తాన్ పఠాన్ అందరం ఒకే కాడ వండుకున్నం. పైసలు ఇంటికి పంపుడు, ఇల్లు కట్టుడు, చెల్లె పెండ్లి చేసుడు, అందరిదీ ఒకటే కథ. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ కూడా ముస్లిం దేశమే, యెమెన్ కూడా ముస్లిం దేశమే, రెండింటికీ ఎంత తేడా ఉంది. కేరళోళ్లను చూసినంక నాకు అర్థమైంది ఏందంటే, వాళ్లు గల్ఫ్ పైసలతోటి పిల్లలను చదివించిండ్రు, మనం స్లాబు పోసినం. హిందువైనా ముస్లిమైనా మన జిల్లాలోళ్లం అదే చేసినం.

ఎకనామిక్స్ ఆప్షనల్

టీచర్ గారూ, అక్షరాస్యత పాయింటు ఒప్పుకుంటాను, ఆంధ్రప్రదేశ్ 68 నాకు తెలియదు. కానీ అదే 2001 లెక్కల్లో పని చేసే ఆడవాళ్లు హిందువుల్లో 27.5 శాతం, ముస్లింలలో 14.1. దీన్ని ఏమంటారు? ఇరాన్ చూడండి. 1989 నుంచి మతపెద్దల ప్రభుత్వమే కుటుంబ నియంత్రణ నడిపింది, 1980ల్లో ఒక్కో తల్లికి ఆరుగురికి పైగా ఉన్న పిల్లలు 2000 నాటికి ఇద్దరికి దగ్గరగా వచ్చారు, ఆడపిల్లలు యూనివర్సిటీలు నిండా చేరారు. అయినా ఉద్యోగాల్లోకి రాలేదు, ఇప్పటికీ అయిదుగురిలో ఒకరు కూడా లేరు. చదువు పెరిగింది, పిల్లలు తగ్గారు, పని మాత్రం లేదు. అక్కడ అడ్డుపడింది సంస్కృతి కాక మరేమిటి?

మండీ బజార్ టీచర్

మంచి ప్రశ్న, దీనికి పొడుగ్గా రాయక తప్పదు.

ముందు ఆ 14.1 సంగతి. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు ఏ ఇంటి అరుగు మీదైనా చూడండి, ఆడవాళ్ల ఒళ్లో చాట ఉంటుంది. తడిపిన తునికాకు, తంబాకు, దారం. ఆకును కత్తెరతో కొలతకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పరిచి చుట్టడం, మూతి వంచి దారం కట్టడం, ఇట్లా వెయ్యి బీడీలు చుడితే కూలి. లెక్కకొచ్చినప్పుడు ఆకు బాగాలేదని, బీడీ వదులుగా ఉందని కొన్ని పక్కన పడేస్తారు, వాటికి పైసలు రావు. మా చిన్నమ్మ అత్తగారింట్లో ముగ్గురు ఆడవాళ్లు పొద్దంతా ఇదే పని, పక్కింట్లో పద్మశాలీ ఆడవాళ్లూ అదే పని. లెక్కలు రాసేవాళ్లు వచ్చి "ఇంట్లో ఆడవాళ్లు ఏం చేస్తారు" అంటే మా చిన్నాయన "ఏం చేయరు, ఇంట్లనే ఉంటరు" అని చెప్తాడు! ఇంట్లో కూర్చుని చేసే పనిలో ముస్లిం ఆడవాళ్లు ఎక్కువున్నారని సచార్ కమిటీ కూడా రాసింది. లెక్కలోకి రాని పని కలిపితే 14 అంత తక్కువ ఉండదు. అయినా తేడా ఉంది, ఒప్పుకుంటాను. పర్దా పేరుతో, "లోకం ఏమంటుంది" పేరుతో ఆపే ఇళ్లు నా క్లాసులోనే కనిపిస్తాయి.

బంగ్లాదేశ్ చూడండి. 1971 దాకా అదీ పాకిస్తాన్ ఒకే దేశం, రెండు చోట్లా ముస్లింలే ఎక్కువ. ఇవ్వాళ పాకిస్తాన్‌లో ఒక్కో తల్లికి ముగ్గురు దాటి పిల్లలు, బంగ్లాదేశ్‌లో ఇద్దరు దాటి కొంచెం. 1994 నుంచి పల్లెటూళ్లలో హైస్కూలుకొచ్చే ఆడపిల్లలకు స్టైపెండ్ ఇచ్చారు, హాజరు ఉండాలి, పెళ్లి కాకూడదు అని షరతు పెట్టి. గార్మెంట్ ఫ్యాక్టరీలు వచ్చాయి, లక్షల మంది ఆడవాళ్లు బురఖాలోనో చున్నీలోనో పొద్దున్నే పనికి నడిచిపోయారు. సంస్కృతి ముందు మారి తర్వాత పని రాలేదు, పని వచ్చాక సంస్కృతి సర్దుకుంది. ఇరాన్‌లో ఆ ఫ్యాక్టరీలు రాలేదు, పైగా భార్య ఉద్యోగాన్ని ఆపే హక్కు భర్తకు చట్టమే ఇచ్చింది. అక్కడ మతం పేరుతో రాసిన చట్టం అడ్డుపడింది, అది నిజం, దాన్ని నేను వెనకేసుకు రాను.

మన దగ్గర? 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక వరంగల్‌లో పద్మశాలీలూ ముస్లింలూ కలిసే రోడ్డున పడ్డారు. 1948లో నిజాం పాలన పోయాక ఉర్దూ చదువుకి ఉద్యోగ విలువ పోయింది, అప్పటిదాకా ఉర్దూ మీద బతికిన గుమాస్తా ఇళ్లు ఒక్క తరంలో కిందికొచ్చాయి. లోన్ల విషయానికొస్తే, కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువున్న బస్తీలను నెగటివ్ జోన్ అని గుర్తు పెట్టుకున్నాయని సచార్ రిపోర్టే చెప్పింది. బ్యాంకు ఇవ్వకపోతే మిగిలేది గిరిగిరి, అంటే రోజూ వచ్చి వసూలు చేసుకునే వడ్డీ అప్పు. పొద్దున షట్టర్ తీసేసరికి బండి మీద వాడు వచ్చి నిలబడతాడు. వడ్డీ హరామ్ అని బ్యాంకు గడప తొక్కని మనిషి గిరిగిరి వాడికి అంతకు ఎన్నో రెట్లు కడుతున్నాడు, ఇది మా గల్లీలో నేను రోజూ చూసే మాట. మలేషియాలో 1963లో హజ్ యాత్ర కోసం వడ్డీ లేకుండా దాచుకునే సంస్థ పెట్టారు, రైతులు పరుపుల కింద దాచుకునే పైసలు అందులోకి వచ్చి తోటల్లో, కంపెనీల్లో పెట్టుబడి అయ్యాయి. అక్కడ అదే మత నియమం పొదుపుకి దారి అయింది. ఇక్కడ 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్ పెట్టమంది, 2017లో రిజర్వ్ బ్యాంకు వద్దనుకుంది. మధ్యలో "హలాల్ లాభం" అని చెప్పి పైసలు పట్టుకుపోయినవాళ్లు మిగిలారు, మా చుట్టాలే పోగొట్టుకున్నారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇస్లాంలో పెళ్లికి మెహర్, అంటే పెళ్లికూతురికి దక్కాల్సిన సొమ్ము, ఇవ్వాల్సింది మగపిల్లవాడు. కూతురికి కొడుకు వాటాలో సగం తప్పకుండా ఇవ్వాలని ఖురాన్‌లో స్పష్టంగా ఉంది. మన వరంగల్‌లో ఏం జరుగుతోంది? జోడా పైసలు (కట్నం), బైకు, ఫర్నిచర్, ఐదు వందల మందికి బిర్యానీ, అంతా ఆడపిల్ల తండ్రి నెత్తిన. ఆస్తి పంచేటప్పుడు "పెళ్లికి ఖర్చు పెట్టినం కదా" అని చెల్లెతో సంతకం పెట్టించుకుంటారు. మెహర్ కాగితం మీద ఉంటుంది. ఇది మతం చెప్పింది కాదు, మన తెలంగాణలో అన్ని కులాలూ చేసే పనే మేమూ చేస్తున్నాం. ఆ జోడా పైసలు కూడబెట్టడానికి ఆడపిల్ల చదువు ఆపేస్తారు. పోయినేడు నా క్లాసులో లెక్కల్లో మొదటి వరుసలో ఉండే అమ్మాయి సెకండియర్ మధ్యలో ఆగిపోయింది. వాళ్ల నాన్న వచ్చి, "చదివిస్తే అంతకు మించిన పిల్లగాడు కావాలి మేడం, వాడికి ఇంకెక్కువ పెట్టాలి, నేనెక్కడ తేవాలి" అన్నాడు. ఏడుస్తూ అన్నాడు, చెడ్డవాడు కాదు. ఆయనకు దీన్‌లో, అంటే మతంలో, ఏముందో కూడా తెలుసు.

కాజీపేట జంక్షన్

ఆపా, మీరు చెప్పింది అబద్ధం అనను. కానీ ఇట్లా బయట రాస్తే రేపు ఇదే స్క్రీన్‌షాట్ తీసి "చూశారా వాళ్లే ఒప్పుకున్నారు" అని తిప్పుతారు. అసలే రోజులు బాగాలేవు. మన లోపల మనం మాట్లాడుకోవాల్సింది ఇక్కడెందుకు? దర్గా ఉర్సుకి హిందువులు, ముస్లింలు కలిసొచ్చే ఊరు మాది, అన్నారం షరీఫ్ దర్గాకి పోయి కందూరు (మొక్కు విందు) చేసేవాళ్లలో చాలామంది హిందువులే. ఆ సంస్కృతి గురించి రాయండి.

మండీ బజార్ టీచర్

భాయ్, మీ భయం నాకు తెలుసు, నాకూ ఉంది. కానీ లోపల మాట్లాడుకోవడం అని మీరంటున్న చోట ఆడవాళ్లు ఉండరు కదా. మసీదు కమిటీలో నేను కూర్చోలేను, నిఖా ఖాయం చేసే రోజు మగవాళ్ల మధ్యనే అన్నీ అయిపోతాయి. మరి నేనెక్కడ చెప్పాలి? స్క్రీన్‌షాట్ తిప్పేవాళ్లు నేను రాయకపోయినా తిప్పుతారు.

ఉర్సు, పీర్ల పండుగ గొప్పవే, మా ఊళ్లు నెమ్మదిగా ఉండటానికి అవే కారణం, గొడవల్లేని ఊళ్లో షాపు మూతపడదు, అది కూడా అభివృద్ధే. అయితే పీరు ఎత్తుకునేటప్పుడు కలిసిన మనం కట్నం దగ్గర కూడా కలిసే ఉన్నాం, ఇది కూడా చెప్పాలి.

హన్మకొండ చౌరస్తా

మేడం, మరి ప్రభుత్వం ఏం చేస్తే పని జరుగుతుంది? ముస్లింలలో వెనకబడినవాళ్లకు 4 శాతం రిజర్వేషన్, ఆడపిల్ల పెళ్లికి డబ్బిచ్చే షాదీ ముబారక్, మైనారిటీ గురుకులాలు, ఇవి పనికొచ్చాయా?

మండీ బజార్ టీచర్

2007 నుంచి బీసీ-ఈ కింద ఉన్న 4 శాతం పనికొచ్చింది, నా స్టూడెంట్లలో దాంతోనే ఇంజనీరింగ్ సీటు వచ్చినవాళ్లున్నారు. అది మతానికి ఇచ్చింది కాదు, వెనకబడిన వర్గాలకు ఇచ్చింది, సయ్యద్‌లు, పఠాన్‌లు అందులో లేరు, మీ ఎస్సేలో ఈ తేడా తప్పకుండా రాయండి. షాదీ ముబారక్ లక్షా నూట పదహార్లు మంచిదే, పిల్లకి 18 నిండాలనే షరతు ఉంది కాబట్టి కొందరు ఆగారు. కానీ ఆ పైసలూ చివరికి జోడాలోకే పోతున్నాయి. నన్నడిగితే ఆ డబ్బు పెళ్లి రోజు కాకుండా డిగ్రీ ఫస్టియర్‌లో చేరిన రోజు పిల్ల అకౌంట్‌లో వేయాలి.

2016లో పెట్టిన గురుకులాలు అన్నిటికంటే పెద్ద పని. 204 బడులు, అందులో దాదాపు సగం ఆడపిల్లలవి. బస్సు లేదు, చీకటి పడుతుంది, ఎవరైనా చూస్తారు అనే మాటలన్నీ హాస్టల్‌తో ఆగిపోయాయి. "మావాళ్లలో ఆడపిల్లల్ని పంపరు" అని పదేళ్ల కింద నాతో వాదించిన మనిషే ఇప్పుడు మనవరాలికి సీటు కోసం నాకు ఫోన్ చేస్తున్నాడు. అయితే అక్కడ ఇంటర్ దాటాక ఏమిటి అన్నదానికి జవాబు లేదు. గీసుగొండ టెక్స్‌టైల్ పార్కుకి 2017లో శంకుస్థాపన చేశారు, అందులో ఆడపిల్లలకు షిఫ్టు బస్సు, పని చోట బాత్రూం, పిల్లల్ని ఉంచుకునే గది ఉంటే ఏ అత్తగారూ ఆపదు, మతం ఏదైనా సరే. ఎమ్మెల్యేలను అడగాల్సింది ఇది. మసీదు కమిటీని అడగాల్సింది వేరు: జోడా పైసలు తీసుకున్న పెళ్లిలో ఖాజీ నిఖా చదవకూడదు. ఆ రెండు అర్జీలూ నేను రాస్తాను, కాజీపేట భాయ్, రెండో దాని మీద మగవాళ్ల సంతకాలు కావాలి, మీరు మొదటి సంతకం పెడతారా?

కాజీపేట జంక్షన్

మా ఇంట్లో తమ్ముడి పెళ్లి కుదిరి ఉంది ఆపా. అమ్మతో మాట్లాడి చెప్తా.