పోయిన అమ్మ గొంతుతో పెళ్ళిలో దీవెన పలికించడం సబబేనా?

ఉద్దానం కొబ్బరి:
మాది కవిటి మండలం. అమ్మ కిడ్నీ జబ్బుతో నిరుడు పోయింది. మాఘంలో చెల్లి పెళ్ళి. నేను చెన్నైలో ఉంటాను కాబట్టి అమ్మ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పంపేది. ఎక్కువ డయాలసిస్ మంచం మీంచి పంపినవే, వెనకాల మెషీన్ బీప్ వినిపిస్తూ ఉంటుంది. వాటితో ఏఐలో అమ్మ గొంతు తయారు చేయించి, అప్పగింతల వేళ చెల్లికి దీవెన వినిపించాలని నా కోరిక. చెల్లికి చెప్పలేదు, సర్‌ప్రైజ్. మేనమామ సరేనన్నాడు. మా ఆవిడ ససేమిరా వద్దంటోంది. మీరేమంటారు?

రాజాం కుర్రోడు:
చేయించెయ్ అన్నా. పోయినవాళ్ళ ఫొటోకి దండేసి పెళ్ళి మండపంలో పెడతాం, ఎవరూ తప్పు పట్టరు. ఫొటో ఉండొచ్చు గానీ గొంతు ఉండకూడదా? మా నాన్న గొంతు మా దగ్గర ముక్క కూడా లేదు. తల్లి లేని అప్పగింతలు ఎలా ఉంటాయో మా అక్క పెళ్ళిలో చూశాను. అవకాశం ఉన్నప్పుడు వదులుకోకు.

నాగావళి గట్టు:
తమ్ముడూ, ఒక్కటి అడుగుతాను. అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్ళింది ఎవరు?

ఉద్దానం కొబ్బరి:
చెల్లే. బస్సులో తీసుకెళ్ళి తీసుకొచ్చేది.

నాగావళి గట్టు:
నా అనుమానం అదే. పక్కన కూర్చున్న కూతురికి ఎవరూ వాయిస్ మెసేజ్ పంపరు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు అమ్మ దగ్గరున్న పిల్ల ఫోన్లో అమ్మ గొంతు ఉండకపోవచ్చు. దూరంగా ఉన్న కొడుకు ఫోన్లో బోలెడు ఉంది. ఆ రికార్డుల్లో ఉన్న అమ్మ నీతో మాట్లాడిన అమ్మ. ఊళ్ళో లేని కొడుకుతో తల్లి ఒకలా మాట్లాడుతుంది, నొప్పి దాచుకుంటుంది, "తిన్నావా బావూ" అంటుంది. రోజూ చెయ్యి పట్టుకుని బస్సెక్కించే కూతురితో ఇంకోలా మాట్లాడుతుంది. విసుక్కుంటుంది, కసురుతుంది, గుట్టు చెప్పుకుంటుంది. ఆ రెండో గొంతు నీ ఫైళ్ళలో లేదు. లేని దాన్ని మెషీన్ ఎక్కణ్ణించి తెస్తుంది? నీతో మాట్లాడిన తీరు తీసి చెల్లికి తగిలిస్తుంది. చెల్లి వినగానే పట్టేస్తుంది. అదీ మైకులో, వందలమంది ముందు. ఆ పిల్లకి లేచి వెళ్ళిపోయే వీలు కూడా ఉండదు.

ఫొటోతో పోలిక నాకు కుదరలేదు. ఫొటోలో ఉన్నది ఆవిడే. ఇక్కడ మాటలు రాసేది నువ్వు, పలికేది మెషీన్, పేరు మాత్రం అమ్మది. గొంతు దాచుకోవాలన్న ఆశ కొత్తదేం కాదు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టాక, మరుసటి ఏడాదే దాని ఉపయోగాలు ఒక పత్రికలో రాశాడు. ఇంట్లోవాళ్ళ జ్ఞాపకాలు, పోయేముందు చెప్పిన మాటలు వాళ్ళ గొంతుతోనే దాచుకోవడం అందులో ఒకటి. అది అన్న మాటని దాచడం. నేను దానికి పూర్తిగా అనుకూలం. అననిది అనిపించడం వేరే పని.

మా మామ్మ అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునే మాట్లాడేది, సగం మాట ముక్కులోంచి వచ్చేది. మా బాబాయి పాట పాడమని క్యాసెట్ ఆన్ చేస్తే, పాట పాడకుండా చోళ్ళ కొలత తక్కువొచ్చిందని ఎవరితోనో దెబ్బలాడింది. వెనక మేక అరుస్తుంది. ఇప్పుడు ఇంట్లో అందరం కూర్చుని వినేది ఆ దెబ్బలాటే. దాన్ని ఏఐకి ఇస్తే శుభ్రం చేస్తుంది, మేక పోతుంది, చుట్ట పోతుంది. యాస కూడా పోతుందని నా భయం, ఎందుకంటే నేను విన్న ఏఐ తెలుగంతా వార్తలు చదివినట్టే ఉంది. జనం మాట్లాడే భాషే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా మనది. మన అమ్మలు "బేగి రా" అంటేనే మనకి అమ్మలు.

బొబ్బిలి కోడలు:
గట్టు గారూ, మీరు చెప్పిందాంట్లో సగమే ఒప్పుకుంటాను. టెక్నాలజీని ఎందుకు తిట్టడం? మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చినవాళ్ళు మాట పోకముందే తమ గొంతు దాచుకుని, తర్వాత కంప్యూటర్ ద్వారా ఆ గొంతుతోనే మాట్లాడుతున్నారు. వాళ్ళకి అది వరం. తేడా అంతా ఒప్పుకోలు దగ్గరే. 2024లో రెహమాన్ గారు పోయిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఏఐతో వాడారు, కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం పంపానని చెప్పారు. అదే ఏడాది, బాలు గారి గొంతుని అడగకుండా ఏఐతో వాడారని ఆయన కుటుంబం ఒక తెలుగు సినిమా వాళ్ళకి లీగల్ నోటీసు పంపింది. అమ్మ లేనప్పుడు అనుమతి ఇవ్వాల్సింది పిల్లలే. పిల్లలంటే మీరొక్కరే కాదు కదండీ. చెల్లిని అడగండి. ఇలాంటి దాన్ని సర్‌ప్రైజ్ చెయ్యకూడదు.

సెల్ రిపేరు, పార్వతీపురం:
పెళ్ళి సంగతి తర్వాత, ముందు ఆ ఫైళ్ళు కాపాడుకోండి. ఫోన్ పోయి బ్యాకప్ లేకపోతే వాట్సాప్ వాటిని మళ్ళీ ఇవ్వదు. నా దగ్గరకి ఏడుస్తూ వచ్చినవాళ్ళున్నారు, ఏమీ చెయ్యలేకపోయాను. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే మెమరీలో వాట్సాప్ వాయిస్ నోట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, .ఓపస్ ఫైళ్ళు. ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్లోకి, ఇంకో హార్డ్ డిస్కులోకి కాపీ చెయ్యండి. ఒక ఫోన్లో ప్లే చేసి ఇంకో ఫోన్లో రికార్డు చెయ్యొద్దు, గొంతు పాడవుతుంది. ఊరూ పేరూ లేని వెబ్‌సైట్లలో ఎక్కించొద్దు. 2023లో మైక్రోసాఫ్ట్ చూపించిన మోడల్‌కి గొంతు నకలు తియ్యడానికి మూడు సెకన్లు చాలు. మోసగాళ్ళ చేతిలో పడితే అమ్మ గొంతుతో మీ బంధువులకే ఫోన్లు వస్తాయి.

రాజాం కుర్రోడు:
ఇంత ఆలోచిస్తే ఏ పనీ కాదు. అనని మాట అంటున్నారు. ఏ తల్లయినా కూతుర్ని దీవించకుండా ఉంటుందా? ఆ అమ్మ బతికుంటే అనే మాటే కదా. నా మాట నేను మార్చుకోను.

ఉద్దానం కొబ్బరి:
చెల్లికి చెప్పేశాను. మొదట ఏం మాట్లాడలేదు. తర్వాత నా దగ్గరున్న వాయిస్‌లన్నీ తనకి కావాలంది, అలాంటివి ఉన్నాయనే తనకి తెలీదట. అన్నీ పంపాను. మండపంలో మాత్రం వద్దంది. ఏఐతో చేసింది విడిగా వింటానంది, తను తీసెయ్యమంటే తీసెయ్యాలని మాట తీసుకుంది. గట్టు గారూ, మీకిది నచ్చదని తెలుసు. ఇంకోటి, నాన్న గొంతు నా దగ్గర అసలు లేదు. ఫోన్లో "ఊఁ, సరే" తప్ప మాట్లాడడు.

నాగావళి గట్టు:
చెయ్యకపోతేనే మేలని ఇప్పటికీ అంటాను. కానీ చెల్లిని అడిగావు, ఇక అది ఆ పిల్ల ఇష్టం.

నాన్నని దీవెనలు చెప్పమని కూర్చోబెట్టకు, బిగుసుకుపోతారు. తిత్లీ తుఫానుకి మీ తోటలో ఎన్ని చెట్లు పడ్డాయో అడుగు, ఆ రాత్రి ఇంట్లో ఎవరెవరున్నారో అడుగు, ఆయనే మాట్లాడతారు. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పు. రేపు ఏఐలో వాడుకోవచ్చో లేదో కూడా అడిగి, ఆ జవాబునీ రికార్డు చెయ్యి. చెల్లిని కూడా పక్కన కూర్చోమను. ఫ్యాను ఆపు, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది.