2^61 − 1 ప్రధాన సంఖ్యేనా? నా ప్రోగ్రామ్ కాదంటోంది

ప్రశ్న: 2^p − 1 ప్రధానమో కాదో తేల్చే లూకాస్–లేమర్ పరీక్ష సీ భాషలో రాశాను: 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసేసి, 2^p − 1తో భాగించిన శేషం ఉంచుకోవాలి; p − 2 సార్లు తిప్పాక సున్నా వస్తే ప్రధానం. ఘాతం (p) 7, 13, 31కి జవాబు సరిగ్గానే వస్తోంది. 61కి మాత్రం చివర సున్నా రావట్లేదు. అన్నీ 64 బిట్ల వేరియబుల్సే. తప్పెక్కడుందండీ?

జవాబు 1: వర్గం చేసే దగ్గరండీ. 31 బిట్ల సంఖ్య వర్గం 62 బిట్లలో సరిపోతుంది. 61 బిట్లదైతే 122 బిట్లు కావాలి, పైవి తెగిపోతున్నాయి. లబ్ధాన్ని 128 బిట్లలో ఉంచండి. భాగహారం అక్కర్లేదు: 2^61ని మన సంఖ్యతో భాగిస్తే శేషం 1 కాబట్టి, కింది 61 బిట్లకు పై బిట్లను కలిపితే చాలు. ఈ సంఖ్యలో నాకు బాగా నచ్చే గుణం ఇదే. మొత్తం 2^61 − 1కి సమానమైనా, మించినా ఆ సంఖ్యను ఒకసారి తీసేయండి. ఇది మరిస్తే సున్నా రావాల్సిన చోట ఆ సంఖ్యే నిలబడి మళ్లీ "కాదు" అంటుంది.

జవాబు 2: 2 తీసేసేటప్పుడు విలువ 0 గానీ 1 గానీ అయితే ముందు 2^61 − 1 కలపండి, లేకుంటే అన్‌సైన్డ్‌లో (రుణ సంఖ్యలు పట్టని రకంలో) చుట్టు తిరిగి పెద్ద సంఖ్య అయిపోతుంది. 4తో మొదలుపెట్టి సరిగ్గా 59 సార్లు తిప్పాలి. 7కి చేత్తో సరిచూసుకోండి: 4, 14, 67, 42, 111, 0. 11కి సున్నా రాకూడదు, 2047 = 23 × 89 కదా.

జవాబు 1: అవును. 2305843009213693951 ప్రధానమేనని 1883లోనే రష్యాలో ఇవాన్ పెర్వూషిన్ చేతి లెక్కతో తేల్చారు. సున్నా వచ్చి తీరాలి.