మిథనాల్ ఫ్యూయల్ సెల్ కార్లు ఎందుకు ఆగిపోయాయి?

కెమిస్ట్రీ గానీ ఆటోమొబైల్ గానీ తెలిసినవాళ్ళు కొంచెం హెల్ప్ చేయండి ప్లీజ్. ఫ్యూయల్ సెల్ అంటే ఇంధనాన్ని కాల్చకుండా రసాయన చర్యతో కరెంటు తయారుచేసేది కదా. టొయోటా మిరాయ్ లాంటి ఫ్యూయల్ సెల్ కార్లలో హైడ్రోజన్‌ని 700 బార్ ప్రెషర్‌తో ట్యాంకులో నింపాలి, అదే మిథనాల్ అయితే మామూలు ద్రవమే కదా, పెట్రోల్ లాగా బంకులో పోయించుకోవచ్చు, లీటరుకి పెట్రోల్‌లో సగం ఎనర్జీయే ఉంటుందనుకోండి, అయినా సరే. 2002లో నెకార్ 5 అనే కారు మిథనాల్‌తోనే శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వాషింగ్టన్ డి.సి. దాకా వెళ్ళింది, అంత దూరం! మరి తర్వాత ఎందుకు వదిలేశారు? రిఫార్మర్‌లో (కారులోనే మిథనాల్ నుంచి హైడ్రోజన్ తీసే భాగం) వచ్చే కార్బన్ మోనాక్సైడ్ సెల్‌లో ఉత్ప్రేరకంగా ఉండే ప్లాటినంని పాడుచేస్తుందనా, ఖర్చెక్కువనా, మిథనాల్ విషమనా? రిఫార్మర్ లేని డైరెక్ట్ సెల్‌లో మిథనాల్ మెంబ్రేన్ (రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉండే పలుచని పొర) దాటి అవతలికి పోతుంది కదా, దానికి ఇప్పుడేం చేస్తున్నారు? ఫైనలియర్ ప్రాజెక్ట్ దీనిమీదే చేద్దామనుకుంటున్నా, ల్యాబ్‌లో చేసినవాళ్ళుంటే ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి.