బంగారస్ అనే పేరు మన ‘బంగారు’ నుంచే వచ్చిందా?

ప్రశ్న:
నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. శాస్త్రీయ నామాలన్నీ లాటిన్, గ్రీకు మాటలేనని పిల్లలకు ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. నిన్న కట్లపాము పాఠంలో బోర్డు మీద ‘బంగారస్ సెరూలియస్’ అని రాయగానే ముందు బెంచీలోని అమ్మాయి లేచి, ‘అందులో బంగారం ఉంది కదా టీచర్’ అంది. ఉచ్చారణ కలిసినంత మాత్రాన వ్యుత్పత్తి కుదరదు కనుక, ఆ పిల్లకు ఆధారంతో జవాబు చెప్పాలని ఉంది. పైగా నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల కట్లుండే పాముకు బంగారంతో పనేమిటి?

జవాబు 1:
టీచరు గారూ, ఆ అమ్మాయి సరిగ్గానే పట్టుకుంది. 18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్, కోరమాండల్ తీరంలోని పాములను సేకరించి 1796లో బొమ్మలతో గ్రంథం వెలువరించారు. స్థానికులు చెప్పిన పేర్లను ఆయన చెవికి వినబడినట్టే రోమన్ లిపిలో రాసుకున్నారు. రక్తపింజరికి ‘కాటుక రేకుల పొడ’ అనీ, పసుపు, నలుపు పట్టీల పాముకు ‘బంగారం పాము’ అనీ అందులో చేరింది అలాగే. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ ఆ పట్టీల పాముకు కొత్త ప్రజాతిని (జీనస్, అంటే దగ్గరి బంధువులైన జీవుల గుంపు) ఏర్పరచి, ఆ తెలుగు మాటకే లాటిన్ ప్రత్యయం తగిలించి ‘బంగారస్’ అన్నారు.

మీ రెండో సందేహం కూడా ఇక్కడే తీరుతుంది. పేరు పుట్టింది కట్లపామును చూసి కాదు, దాని దగ్గరి బంధువైన ‘బంగారస్ ఫాసియేటస్’ను చూసి. ఒక వానాకాలపు రాత్రి దాన్ని టార్చి వెలుగులో చూశాను. ఇంచుమించు ఒకే వెడల్పున్న నలుపు, పసుపు పట్టీలు ఒంటిని పూర్తిగా చుట్టి ఉన్నాయి. వెన్ను గట్టులా లేచి ఉంది. తోక కొస తెగినట్టు మొద్దుగా ఉంది. తడి పొలుసుల మీద ఆ పసుపు మెరవడం చూశాక, మన పూర్వులు వేరే పేరు ఎలా పెట్టగలరనిపించింది. ఫాసియేటస్ అంటే పట్టీలున్నది, సెరూలియస్ అంటే ముదురు నీలపుది. మన ఇంటిపేరులాగే ప్రజాతి నామం ముందు వస్తుంది; ఒకే ఇంటివి కావడం వల్ల కట్లపాముకూ ఆ బంగారం దక్కింది.

జవాబు 2:
బంగారస్ లాగే తెలుగు మాట నుంచి వచ్చిన శాస్త్రీయ నామం చెట్లలోనూ ఉంది, అది సోమిద చెట్టుది. దాని శాస్త్రీయ నామం ‘సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా’. సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దాన్ని మొదట మహాగని ప్రజాతిలో చేర్చారు. 1830లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త జుస్యూ దాన్ని విడదీసి, తెలుగు పేరునే ప్రజాతి నామంగా నిలిపారు. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది. ఆ చేదు బెరడును జ్వరానికి వాడేవారు.

జవాబు 3:
టీచరు గారు చెబుతూ వచ్చింది పూర్తిగా తప్పు కాదు. పేరు రూపం లాటిన్ పద్ధతిలో ఉండాలి, మూలం మాత్రం ఏ భాషదైనా కావచ్చు. మాట లాటినే అయినా మన ఇంటి ముచ్చట చెప్పే పేర్లూ ఉన్నాయి. చిల్లగింజల చెట్టుకు, జీవులకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ కుమారుడు ‘స్ట్రిక్నోస్ పొటేటోరమ్’ అని పేరు పెట్టారు. దానికి బంగాళాదుంపతో సంబంధం లేదు. పొటేటోరమ్ అంటే ‘తాగేవారిది’. మా అమ్మమ్మ ఆ గింజను కుండ లోపలి గోడకు చుట్టూ అరగదీసి, ఎర్రటి చెరువు నీళ్లు పోసి మూత పెట్టేది. తెల్లారేసరికి మట్టి అడుగున పేరుకుని, పైన తేట నీళ్లు నిలిచేవి.