సొంత అలవాట్లతో తెచ్చుకున్న జబ్బుకు ప్రభుత్వ బీమా పూర్తిగా చెల్లించాలా?

బరంపురం నుంచి, మందుల దుకాణదారు:

ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. రాష్ట్ర పథకమైన గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి ఇప్పుడు పథకంలో ఉన్న ఒక్కో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకూ, ఇంట్లోని ఆడవారికి అదనంగా మరో 5 లక్షల వరకూ ఆసుపత్రి ఖర్చును ప్రభుత్వం భరిస్తుంది. ఈ పథకం ఉండాలనే నా అభిప్రాయం కూడా. కానీ ఇరవై ఏళ్ళు తాగి కాలేయం పాడుచేసుకున్నవాడికీ, వద్దన్నా వినకుండా పొగాకు నమిలి నోటి క్యాన్సర్ తెచ్చుకున్నవాడికీ, ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికినవాడికీ ఒకే లెక్కన చెల్లించడం న్యాయమా అన్నది నా ప్రశ్న. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం, జబ్బు ఉందన్న కారణంతో ప్రీమియం పెంచకూడదని కంపెనీలను కట్టడి చేస్తూనే, పొగ తాగేవారి దగ్గర మాత్రం ఒకటిన్నర రెట్ల వరకూ తీసుకోవడానికి ఒప్పుకుంది. మన దగ్గర కూడా అలాంటి జబ్బులకు అయ్యే ఖర్చులో ఐదో వంతు రోగి చేత కట్టించాలని నేను అంటాను.

పర్లాకిమిడి నుంచి, విశ్రాంత ఉపాధ్యాయురాలు:

దుకాణదారు గారికి నమస్కారం. మీ ఆవేదన నాకు అర్థమైంది, ఎందుకంటే తాగుడు వల్ల కూలిపోయిన ఇళ్ళు మా వీధిలోనూ ఉన్నాయి. అయినా మీ ప్రతిపాదన అమలులోకి వస్తే నష్టపోయేది మీరు అనుకుంటున్న మనిషి కాదని నా నమ్మకం.

మొదట అడ్డపొగ సంగతి తీసుకుందాం. శ్రీకాకుళం నుంచి గంజాం దాకా మన పల్లెల్లో పాతకాలపు ఆడవారు చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అంగిలికి క్యాన్సర్ రావడానికి ఇది కారణమని వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. కానీ అలాంటి ఒక ముసలావిడకు ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? చిన్నతనంలో తల్లి దగ్గరో అత్తగారి దగ్గరో పొలం గట్టున నేర్చుకున్నది. సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధన 2016లో అమలులోకి వచ్చింది. అప్పటికే ఆమెకు ఆరు పదులు దాటాయి, పైగా ఆమె కొనేది విడి చుట్టలు. ఏ ఆరోగ్య కార్యకర్తా ఆమె నోరు తెరిపించి ఒక్కసారైనా చూసి ఉండకపోతే, ఆమె బాధ్యత ఏ రోజు నుంచి మొదలైందని లెక్క కట్టి ఐదో వంతు వసూలు చేస్తాం?

ఉద్దానాన్ని చూడండి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బుతో కుంగిపోతున్నవారిలో చాలామందికి షుగరు లేదు, రక్తపోటుతో మొదలైన జబ్బూ కాదు. ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా దానికి ఇదీ కారణమని తేలలేదు. ఎండలో పొలం పనీ, కొబ్బరి, జీడి తోటల పనీ చేసుకునే మనుషులు వాళ్ళు. కారణం తెలియని జబ్బుకు బాధ్యుడిని ఎవరు నిర్ణయిస్తారు? అదే మనిషి అప్పుడప్పుడూ కల్లు తాగేవాడైతే, లెక్క రాసేవారు ఆ ఒక్క మాట పట్టుకోరని మీరు హామీ ఇవ్వగలరా?

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే విషయం ఇంకొకటి ఉంది. శస్త్రచికిత్సకు ముందు వైద్యుడు తాగుతావా అని అడిగేది నీతి నేర్పడానికి కాదు. రోజూ తాగే మనిషికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే కొద్ది రోజుల్లోనే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ వచ్చే ప్రమాదం ఉంది, దానికి ముందుగానే సిద్ధపడాలి. నిజం చెబితే వేలల్లో డబ్బు కట్టాల్సి వస్తుందని తెలిసిన రోగి భార్య ఏం చెబుతుంది? మా ఆయన ముట్టడు బాబూ అంటుంది. ప్రైవేటు పాలసీ ఉన్నవారికి ఇది కొత్త కాదు. కేసు షీటులో మద్యం అలవాటు ఉందని ఒక్క వాక్యం పడితే చాలు, క్లెయిము తిరస్కరించిన సందర్భాలు వినియోగదారుల కమిషన్ల ముందుకు ఎన్నో వచ్చాయి. ఆ భయాన్ని ప్రభుత్వ ఆసుపత్రి మంచం దాకా తీసుకురాకండి.

వ్యక్తిగత బాధ్యత అన్న మాటను నేను కొట్టిపారేయడం లేదు. అయితే మన పథకాల్లో దానికి ఎంత విలువ ఇస్తున్నామో చూడండి. పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరితే కార్డు పని చేస్తుంది. ఆ పక్షవాతం రాకుండా రోజూ రక్తపోటు బిళ్ళ వేసుకునే మనిషికి అదే కార్డు ఒక్క రూపాయి ఇవ్వదు, ఎందుకంటే ఆయుష్మాన్ భారత్ బీమా ఆసుపత్రిలో చేరిన చికిత్సకూ, చేరడానికి ముందు 3 రోజులకూ, ఇంటికి వెళ్ళాక 15 రోజులకూ మాత్రమే వర్తిస్తుంది. ఒడిశాలో 2015 నుంచి నిరామయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితమే, అది గొప్ప మేలు. కానీ గుమ్మ, మోహన కొండల్లోని కూలి మనిషి ఆ బిళ్ళ కోసం ఒక రోజు కూలి వదులుకుని, బస్సు పట్టుకుని, వరుసలో నిలబడాలి. బాధ్యతగా ఉన్నవాడి చేతి డబ్బు ఖర్చు చేయించి, లేనివాడిని ఐసీయూ దాకా రానిచ్చే పద్ధతి ఇది. మీకు నిజంగా బాధ్యత ముఖ్యమైతే ముందుగా అడగాల్సింది ఊరి ఉపకేంద్రంలో మూడు నెలల బిళ్ళలు ఒకేసారి ఇమ్మని.

రాయగడ నుంచి, ఈ చర్చావేదిక పాత సభ్యుడు:

రోగి బాధ్యత గురించే మాట్లాడుతున్నారు, ఆసుపత్రి బాధ్యత ఎవరూ ఎత్తడం లేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి ఏళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు పెద్ద వివాదమయ్యాయి. ఒక్కో ఆపరేషనుకు ఇంత అని పథకం ఇచ్చే ప్యాకేజీ డబ్బు వస్తుందని ముప్పై ఏళ్ళ ఆడదాని గర్భసంచి తీసేసిన వైద్యుడు చేసిన ఖర్చు కూడా మన పన్నుల డబ్బే. తాగినవాడి నుంచి ఐదో వంతు వసూలు చేసే ముందు, ఇలాంటి బిల్లుల నుంచి పూర్తి మొత్తం రాబట్టండి.

బరంపురం నుంచి, మందుల దుకాణదారు:

కేసు షీటు గురించి టీచరు గారు చెప్పిన మాట బలమైనది. ఆసుపత్రి గడప దగ్గర వసూలు అన్నదాన్ని పక్కన పెడదాం. అయితే అలవాటుకు ఏ ధరా ఉండకూడదన్న వాదనకు మాత్రం నేను ఒప్పుకోను. మద్యం ఇప్పటికీ జీఎస్టీలోకి రాలేదు, దాని మీద సుంకం రాష్ట్రానిదే. ఆ సుంకం పెంచి, అందులో ఒక స్థిరమైన వాటాను ఆరోగ్య పథకానికే కేటాయించమని అడిగితే మీకు అభ్యంతరమా? అప్పుడు తాగేవాడు తాగినప్పుడే చెల్లిస్తాడు, మంచాన పడ్డాక కాదు.

పర్లాకిమిడి నుంచి, విశ్రాంత ఉపాధ్యాయురాలు:

రెండు షరతుల మీద నాకు అభ్యంతరం లేదు. ఒకటి, ఆ వాటా పెద్దాసుపత్రుల ప్యాకేజీలకు కాకుండా, తాగుడు మాన్పించే చికిత్సకూ, నోటి క్యాన్సర్‌ను ముందుగా పట్టే పరీక్షలకూ వెళ్ళాలి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ దాకా రాలేనివారికి జిల్లా కేంద్రంలోనే అవి దొరకాలి. రెండోది మా సరిహద్దు వాళ్ళ బాధ. మాకు పాతపట్నం పక్క ఊరు, శ్రీకాకుళం దగ్గర, విశాఖ కేజీహెచ్ అలవాటైన ఆసుపత్రి. ఇటు భువనేశ్వర్, కటక్ దూరం. ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుందని నిబంధన ఉంది. పథకంలో ఉన్న ఆసుపత్రుల జాబితా తెలుగులో, ఒడియాలో రెండు వైపులా బస్టాండులో అతికించాలి, కార్డు కాదన్న ఆసుపత్రి ఆ కారణాన్ని కాగితం మీద రాసి ఇవ్వాలి. మీరు కలెక్టరు గారికి వినతిపత్రం రాసేటట్లయితే ఈ రెండూ అందులో చేర్చండి, మా వీధి వాళ్ళందరి సంతకాలూ నేను పంపిస్తాను.